మైక్ బంద్

ఆ ఎండాకాలం మా రూమ్‌లో రెండు పార్టీలుండేవి. నలుగురు కలిసి ఆడితేనే ఆట అనే పార్టీ ఒకటి, ఎవడి ఆట వాడు ఒక్కడే కూర్చుని ఆడుకోవాలనే పార్టీ ఇంకొకటి. మొదటి దాంట్లో మల్లేశం, జిలాని. రెండో దాంట్లో నేనొక్కణ్ణే. ఆ పార్టీ లక్షణమే అది కాబట్టి నేనేం చిన్నబుచ్చుకోలేదు.

గల్ఫ్‌లో ఇబ్రా అనే ఊరి చివర మా కంపెనీ ఆరు విల్లాలు కడుతోంది. నేను షట్టరింగ్ చెక్క పని చేస్తాను. మల్లేశం స్లాబులకు ఇనుప చువ్వలు కడతాడు. జిలానిది తాపీ పని. మల్లేశానిది కోరుట్ల, జిలానిది మెట్‌పల్లి, నాది రాయికల్ పక్కన పల్లె. జూన్ ఒకటో తారీఖు నుంచి ఆగస్టు ఆఖరు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. పన్నెండున్నరకి వ్యాన్ మమ్మల్ని రూమ్ దగ్గర దించేది. మూడుంబావుకి వచ్చి మళ్లీ హారన్ కొట్టేది. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కిన ఒళ్లు కాబట్టి నిద్ర పట్టాలి, కానీ పట్టేది కాదు. అన్నం తిని, ఏసీ కింద చాపలు పరుచుకుని, ఎవరి ఫోన్లు వాళ్లం తీసేవాళ్లం.

వాళ్లు ఆడేది యుద్ధం ఆట. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి ఒక దీవి మీదికి దూకి, దొరికిన తుపాకులు ఏరుకుని, మిగతా జట్లన్నిటినీ చంపి చివరిదాకా మిగలాలి. వీళ్ల జట్టులో మల్లేశం, జిలాని ఇక్కడ. మిగిలిన ఇద్దరు అక్కడ. కోరుట్లలో మల్లేశం భార్య వాణి, మెట్‌పల్లిలో జిలాని భార్య హసీనా. ఇక్కడినుంచి ఇంటికి వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫొటో పోతుంది, కాల్ మాత్రం పోదు. ఆటలో మైక్ మాత్రం పనిచేస్తుంది. దాన్ని కనిపెట్టింది జిలాని. అప్పటినుంచి ఆ దీవి మీద తుపాకుల మోతకన్నా సంసారాల మోతే ఎక్కువ.

"హసీనా, గోడ ఎనక దాక్కో. పిల్లకు జరం తగ్గిందా?"

"తగ్గింది. ఎడమ దిక్కు ఎవడో ఉన్నడు, సూడు."

వాణి ఒళ్లో బీడీల చాట పెట్టుకుని ఆడేది. మధ్యమధ్య ఆకు కత్తిరించే చప్పుడు కూడా వినపడేది. మల్లేశానికి ఆటలో ఒక పిసినారి గుణం ఉంది. దారిలో దొరికిన మందుల డబ్బాలన్నీ తన సంచిలోనే వేసుకుంటాడు. దెబ్బ తగిలినవాళ్లకు ఆ డబ్బా ఇస్తే మళ్లీ బలం వస్తుంది. ఈయన ఇవ్వడు.

"నీ సంచిల ఐదు డబ్బలున్నయి. ఒక్కటి పడెయ్యవా?" అని వాణి అడిగేది.

"కొసకు పనికొస్తయ్. నువ్వు చెట్టు సాటుకు పో," అనేవాడు.

నా ఆటలో ఎవరూ చావరు. కొండ మీద ఒక ఊట ఉంటుంది, కింద ఎండిపోయిన తోట ఉంటుంది. మధ్యలో రాళ్లు, గుట్టలు. కాలువ తవ్వుకుంటూ నీళ్లను తోటదాకా తీసుకురావాలి. తప్పు తవ్వితే నీళ్లు పక్కకి పోతాయి, మళ్లీ తవ్వుకోవచ్చు. హారన్ మోగితే ఆపేస్తాను. మర్నాడు తెరిస్తే నీళ్లు ఎక్కడ ఆపానో అక్కడే నిలబడి ఉంటాయి. అంతకంటే మర్యాద తెలిసిన ఆటను నేను చూడలేదు.

"ఒక్కనివే ఆడితే గెలిచినట్టు ఎవలకెరుక అన్నా?" అని మల్లేశం ఒకరోజు తగులుకున్నాడు.

"నాకెరుక."

"నీకొక్కనికి ఎరుకైతే ఏమొస్తది?"

"మీ నలుగురికి ఎరుకైతే ఏమొచ్చింది? ఒర్రుడొచ్చింది."

జిలాని పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. "ఆటంటే మనుషులుండాలె భాయ్. నీళ్లు పారుతుంటే కూసోని సూసుడు ఆటనా? గది డ్యూటీ."

"నాది ఆపితే ఆగుతది. మీది ఆపి సూడుండ్రి," అన్నాను.

వాళ్ల ఆట ఆగదు. ఒకడు లేచి ఒంటేలుకు పోతే మిగతా ముగ్గురి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని లేవాల్సి వస్తే పక్కవాడి చేతిలో ఫోన్ పెట్టి "జెర పట్టుకో" అనడం రూమ్‌లో అలవాటైంది. పట్టుకున్నవాడు ఒకచోట దాక్కుని ఉంటే చాలు, గెలిపించనక్కర్లేదు. కానీ ముందు మైక్ బంద్ చెయ్యాలి. అవతల లైన్లో ఇంటి ఆడవాళ్లుంటారు. మధ్యలో పరాయి మగాడి గొంతు వాళ్ల చెవిన పడితే బాగుండదు. ఇచ్చేవాడు కూడా "ఫోన్ అన్నకిస్తున్న" అని ఒక మాట చెప్పి ఇచ్చేవాడు. ఇవి ఎక్కడా రాసిపెట్టిన రూల్స్ కావు, రూమ్ మర్యాద.

జూన్ ఆఖర్లో ఒకరోజు మల్లేశం ఆట మధ్యలోనే "ఒద్దంటే ఒద్దు" అని అరిచి ఫోన్ చాప మీద పడేశాడు. మేం అడక్కుండానే చెప్పాడు. వాణి అక్కకు కవల ఆడపిల్లలు పుట్టారు. అంతకుముందే ఇద్దరున్నారు. ఒక బిడ్డను నువ్వు పెంచుకో అని అక్క అందట. మల్లేశానికి, వాణికి పెళ్లై తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు.

"మంచిదే కద," అన్నాడు జిలాని.

"ఏం మంచిది? నన్ను గట్లనే మా మేనమామ పెంచుకున్నడు. ఏడేండ్లకు మా నాయిన వచ్చి, మావోణ్ణి మాకియ్యిండ్రి అని తోలుకపోయిండు. ఇచ్చినోళ్లు అడుగుతరు. ఇయ్యాల కాకుంటే పదేండ్లకు అడుగుతరు. ఈ ముచ్చట మల్ల తీస్తే ఆటకే రానని చెప్పిన," అన్నాడు.

వాణి ఆ ముచ్చట మళ్లీ తీయలేదు. ఆటకు వచ్చేది, చెట్టు చాటుకు పొమ్మంటే పోయేది.

జూలై రెండో వారం, మంగళవారం. జిలాని, హసీనా ఆట మొదట్లోనే చచ్చారు. హసీనా పిల్లను స్కూల్ నుంచి తేవాలని వెళ్లిపోయింది. జిలాని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మల్లేశం, వాణి ఇద్దరే మిగిలారు. అప్పుడే బయట వ్యాన్ డ్రైవర్ కేక వేశాడు. కంపెనీ మందూబ్ వచ్చాడట. మా కాగితాలన్నీ చూసేది ఆయనే, నెలకోసారి కూడా కనపడడు. మల్లేశం బతాకా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, వచ్చే వారంతో అయిపోతోంది. ఇప్పుడే సంతకం పెట్టకపోతే ఆయన వెళ్లిపోతాడు.

"అన్నా, జెర పట్టుకో," అని మల్లేశం ఫోన్ నా ఒళ్లో పెట్టి, జిలాని పడుకున్నాక పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు నా చేతిలో కుక్కి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తాడు. వాణికి ఒక మాట చెప్పి వెళ్లాల్సింది. చెప్పలేదు.

నేను అలవాటు ప్రకారం ముందు మైక్ బంద్ చేసి, తర్వాత ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకున్నాను. మల్లేశం మనిషి ఒక కూలిపోయిన ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్క గదిలో వాణి మనిషి.

"మైక్ బంద్ పెట్టినవా?" అంది వాణి.

మైక్ బంద్ ఉంటే అవతలివాళ్ల తెర మీద గుర్తు కనపడుతుంది.

"మంచిగనే అయింది. అట్లనే ఉంచు. నువ్వు మాట్లాడితే నేను చెప్పలేను. నువ్వు ఒర్రుతవు, నేను ఏడుస్త, ఫోన్ పెట్టేస్తం. ఇయ్యాల జిలానన్నోళ్లు కూడ లేరు. ఇగ చెప్త, ఇను."

అప్పుడైనా నేను మైక్ తెరిచి, అమ్మా నేను ఓంకార్‌ని, మల్లేశం బయటికి పోయాడు అని చెప్పాల్సింది. వేలు ఆ బొమ్మ మీదికి పోయింది కూడా. నా గొంతు వినపడితే ఆమె ఎంత కుంచించుకుపోతుందో అనిపించి వేలు వెనక్కి తీసుకున్నాను. ఇంకో నిమిషంలో మల్లేశం వచ్చేస్తాడు, ఫోన్ వాడికిచ్చేస్తే సరిపోతుంది అనుకున్నాను. ఆ నిమిషంలో వాణి చాలా దూరం వెళ్లిపోయింది.

"అక్క బిడ్డ ముచ్చటనే. ఒద్దన్నవు, ఎరుకే. ఎందుకు ఒద్దన్నవో గది కూడ ఎరుకే. మీ నాయిన నిన్ను తోలుకపోయిన నాడు, నిన్ను పెంచిన అత్తమ్మ ఇంట్లకెళ్లి బయటికే రాలేదట. పొయ్యి కాడ్నే కూసున్నదట. ఒక్క మాట అనలేదట. అందుకే నువ్వు ఇప్పటిదాక ఆమె మొకం సూడవు. నేను గసువంటిదాన్ని కాదు. రేపు అక్క రానీ, బావ రానీ, గడపకు అడ్డం పండుకుంట. నన్ను దాటి తీస్కపోవాలె."

ఆకు కత్తిరించే చప్పుడు లేదు ఆ రోజు.

"నువ్వు రెండేండ్లకోపారి వస్తవు, రెండు నెలలుంటవు. తప్పు పడ్తలేను. మిగిలిన దినాలు నాకు బీడీలు, ఈ ఆట. ఆటల నలుగురం ఉంటం, మంచిగనే ఉంటది. ఆట అయిపోయినంక ఫోన్ నల్లగైతది సూడు, దాంట్ల నా మొకమే కనవడ్తది. గప్పుడు ఎట్లుంటదో నీకు ఎన్నడన్న చెప్పిన్నా?"

నేను తలుపువైపు చూశాను. మల్లేశం రాలేదు.

"ఒద్దంటే ఇప్పుడే మైక్ తీసి ఒద్దను. ఏమనకపోతే శుక్రారం పోయి తెచ్చుకుంట."

సరిగ్గా అప్పుడే ఎవడో కిటికీలోంచి కాల్చాడు. వాణి మనిషి నేల మీద పడింది. నాకు ఈ ఆట రాదు. కానీ ఇన్ని వారాలుగా చెవులారా వింటున్నాను కాబట్టి ఏం చెయ్యాలో తెలుసు. దగ్గరికి పోయి లేపాను. మల్లేశం సంచిలో చూస్తే ఆరు మందుల డబ్బాలున్నాయి. ఒకటి తీసి ఆమె ముందు పడేశాను. నా వరకు అది దెబ్బ తగిలిన మనిషికి మందివ్వడం, అంతే.

వాణి ఆ డబ్బా తీసుకోలేదు.

"ఇచ్చినవా," అంది. గొంతు మారిపోయింది. "సరే. సరే. ఉంట మరి."

ఆమె లైన్లోంచి వెళ్లిపోయింది. ఇంకో అర నిమిషానికి కిటికీ దగ్గరివాడు వచ్చి నన్ను కూడా చంపేశాడు.

మల్లేశం పన్నెండు నిమిషాల తర్వాత వచ్చాడు. "ఉన్నమా, సచ్చినమా?"

"సచ్చినం."

"వాణి ఏమన్న అన్నదా?"

జిలాని కళ్లు తెరిచే ఉన్నాడు. జిలాని ముందు చెప్పే మాటలు కావవి. "మైక్ బంద్ ఉండె కద," అన్నాను. అందులో అబద్ధం లేదు, వాడడిగిన దానికి జవాబూ లేదు. బయట హారన్ మోగింది.

బుధవారం చెప్పొచ్చు. చెప్పలేదు. పొద్దంతా వాడు స్లాబ్ మీద, నేను కింద. రూమ్‌కి వస్తే జిలాని. గురువారం అన్నం దగ్గర ఒకసారి "మల్లేశం" అని పిలిచాను. "ఆ" అన్నాడు. పచ్చడి ఇటియ్యి అన్నాను. జిలాని ఉన్నాడని, ఆమె మర్యాద పోతుందని నాకు నేను చెప్పుకున్న కారణాలన్నీ బాగానే ఉన్నాయి. అసలు కారణం వేరు. ఆపితే ఆగే ఆటలాడి ఆడి, ఇది కూడా నేను ముట్టుకోకపోతే ఉన్నచోటే నిలబడి ఉంటుందని అనుకున్నాను.

శుక్రవారం సెలవు. పొద్దున పదిన్నరకి మల్లేశం ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. వాణి ఒళ్లో తెల్లటి తువ్వాలు, తువ్వాల్లో పిడికెడు మొహం. మల్లేశం ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తర్వాత బయటికి పోకుండా రూమ్‌లోనే మామూలు కాల్ చేశాడు.

"ఎవలనడిగి తెచ్చినవు?"

వాణి ఏదో చెప్పింది.

"నాకా? నాకెప్పుడు చెప్పినవు?"

మళ్లీ ఏదో చెప్పింది. మల్లేశం మొహం నెమ్మదిగా నావైపు తిరిగింది. వాడికి లెక్క దొరికింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నన్ను అడిగాడు. "మంగళారం నాడు, మందూబ్ వచ్చిన నాడు... ఆమె నీతోని ఏమన్న చెప్పిందా అన్నా?"

"నాతోని కాదు. నీతోనే అనుకుని చెప్పింది."

"నువ్విన్నవా?"

"విన్న."

"డబ్బ నువ్విచ్చినవా?"

"ఆమెకు తూటా తాకింది. ఇచ్చిన."

మల్లేశం ఫోన్‌లో ఒకే ఒక మాట అన్నాడు. "గది నేను కాదు. ఓంకారన్న." అవతల లైన్ కట్టయింది.

వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చాప చుట్టి, తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. సైట్‌లో చువ్వ అందియ్యమనాల్సి వస్తే ఇంకొకడితో చెప్పించేవాడు. వాణి ఆటకు రావడం మానేసింది. వాణి రాకపోయేసరికి హసీనా మానేసింది. మూడు గంటలూ ముగ్గురం మూడు దిక్కులకు తిరిగి పడుకునేవాళ్లం. ఆ రూమ్‌లో చివరికి నా పార్టీయే గెలిచింది. నేను నా నీళ్ల ఆట తెరిచి, కాలువ తవ్వబుద్ధి కాక మూసేసేవాణ్ణి. నాకు సిగ్గుగా ఉండేది. ఊళ్లో ఉన్న నా భార్య సుమలతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"దేవుడు నీకు నోరు తినుటందుకే ఇచ్చిండా?" అంది ఆమె.

"ఆమె సిగ్గు పడ్తదని..."

"గా సిగ్గు ఒక్క నిమిషం ఉంటుండె. ఇప్పుడు జిందగీ అంత ఉంటది."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె నాకు ఇన్ని మాటలు ఒక్కసారి చెప్పడం అదే మొదలు. బహుశా నేను అన్ని నిమిషాలు లైన్లో ఉండటం కూడా అదే మొదలు.

ఆ తర్వాతి శుక్రవారం జిలాని తన ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. "వాణి చెల్లె. హసీనా ఇంటికి వచ్చింది. నీతోని మాట్లాడ్తదట," అని చెప్పి బయటికి వెళ్లాడు. మల్లేశం స్నానానికి పోయి ఉన్నాడు.

"అన్నా, మీరు అంత విన్నరా?" అంది వాణి. నమస్కారం లేదు, క్షేమం లేదు.

"విన్న అమ్మా."

"నా మొకం ముచ్చట కూడ?"

"అది కూడ విన్న."

"నవ్వుకున్నరా?"

"లేదు. ఒట్టు. నాకు నవ్వు రాలే."

"డబ్బ మీరే ఇచ్చిన్రా?"

"నేనే."

"నేను గదే అనుకున్న తర్వాత. ఆయన ఎన్నడియ్యలే," అంది. ఏడుపు లేదు, కోపం కూడా లేదు. "ఐతారం బావ వస్తుండు. బిడ్డను వాపస్ ఇస్తున్న. వారం దినాలే అయింది కద, దానికేం తెల్వది. మీకు చెప్పాలనిపించింది. మీరేం తప్పు పట్టుకోకుండ్రి."

నేను క్షమించమని అడగబోయాను. ఆమె అప్పటికే ఫోన్ హసీనాకు ఇచ్చేసింది.

ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఆలోచించడం నాకు బాగా వచ్చిన పని, దానివల్ల ఎవరికీ ఎప్పుడూ ఏమీ ఒరగలేదు. శనివారం డ్యూటీ ఉంది. పన్నెండున్నరకి వ్యాన్ దించింది. అన్నాలయ్యాక మల్లేశం మామూలుగా గోడవైపు తిరిగాడు. నేను పోయి వాడి మంచం పక్కన కింద కూర్చున్నాను. జిలాని లేవబోతే, ఉండు అని సైగ చేశాను.

"మల్లేశం, రేపు బిడ్డను ఇచ్చేస్తుందట."

మల్లేశం దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"ఇచ్చుడు, ఇయ్యకపోవుడు మీ ఇద్దరిది. నేను దాంట్ల చెయ్యి పెట్ట. కాని ఆ పొద్దు ఆమె చెప్పినయి నీకు చెప్పినయి. ఇన్ని దినాలసంది నా దగ్గర ఉండిపోయినయి. నీయి నువ్వు తీస్కో."

నేను లేచిపోదామనుకుంటుండగా మల్లేశం ఇటు తిరక్కుండానే అన్నాడు. "చెప్పు. ఒక్కటి ఇడువకు."

చెప్పాను. నాకు మాటలు చెప్పడం రాదు, విన్నవి మర్చిపోవడం కూడా రాదు. మైక్ బంద్ పెట్టినవా అన్న దగ్గర మొదలుపెట్టాను. బీడీల చప్పుడు లేకపోవడం చెప్పాను. రెండేండ్లకోపారి వస్తవన్న మాట చెప్పాను. నల్లబడ్డ ఫోన్‌లో ఆమె మొహం సంగతి కూడా చెప్పాను. జిలాని నేల చూస్తూ కూర్చున్నాడు. పొయ్యి దగ్గర కూర్చున్న అత్తమ్మ సంగతి రాగానే మల్లేశం లేచి కూర్చున్నాడు.

"గది ఆమెకెట్ల ఎరుక? నేను ఎన్నడు చెప్పలే."

"గది ఆమెనే అడుగు. తర్వాత ఏమన్నదంటే, నేను గసువంటిదాన్ని కాదు. రేపు అక్క రానీ, బావ రానీ, గడపకు అడ్డం పండుకుంట. నన్ను దాటి తీస్కపోవాలె. అని అన్నది."

"గట్లనే అన్నదా?"

"గట్లనే అన్నది."

"ఇంకోపారి చెప్పు."

చెప్పాను. మల్లేశం మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, స్లాబ్ మీద చువ్వలు కట్టేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుని విన్నాడు. మూడోసారి అడగలేదు. ఒద్దంటే మైక్ తీసి ఒద్దను అన్న దగ్గర నేను ఆగాను. "తర్వాత?" అన్నాడు.

"ఏమనకపోతే తెచ్చుకుంట అన్నది. అంతే."

మల్లేశం ఫోన్ తీసి వాణికి కాల్ చేశాడు. చాలాసేపు మోగింది. మేం లేచి బయటికి పోబోతే వాడు జిలానిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, నన్ను కళ్లతోనే కూర్చోమన్నాడు. అవతల ఎత్తిన చప్పుడు, దాని వెనక సన్నగా పసిపిల్ల ఏడుపు మా ఇద్దరికీ వినపడ్డాయి.

"వాణీ, నేనే. మల్లేశాన్నే," అన్నాడు. "మంగళారం నాడు అడిగినవట కద. నేను లేకుంటి. ఇప్పుడు ఉన్న. మల్ల అడుగు."

వాణి పిల్లను భుజం మీద వేసుకున్నట్టుంది, ఏడుపు కొంచెం తగ్గింది. తర్వాత ఆమె గొంతు మొదలైంది. మాటలు మాకు తెలియలేదు, చాలాసేపు మాట్లాడిందని మాత్రం తెలిసింది. చివర్లో "ఒద్దంటే ఇప్పుడే ఒద్దను" అన్న ఒక్క మాట మాకు వినపడింది.

మల్లేశం ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. బయట వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. మల్లేశం లైన్లోనే ఉన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు.